పాత తీర్పు నకలు

అయినా ఏడుపు రాకపోవడం కూడా ఒక లోపమేనేమో, అనుకుంది ఆమె, కోర్టు రికార్డు గది బయట చెక్కబల్ల మీద కూర్చుని. తాళంచెవి కనబడనప్పుడు జేబులూ సంచీ మళ్ళీ మళ్ళీ తడుముకున్నట్టు, పొద్దుటి నుంచీ లోపల దుఃఖం కోసం తడుముకుంటూనే ఉంది. చేతికి తగలడం లేదు. తగులుతున్నవి వేరే ఉన్నాయి. కాస్త ఆకలి. మడమ దగ్గర కొత్త చెప్పు కరిచిన మంట. తన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిపిల్ల ఒక్కతీ ఉంది, కంటి నంబరు తప్పు రాస్తుందేమోనన్న బెంగ. వీటన్నిటి అడుగున, ఎండలోంచి తీసి మడతపెట్టిన దుప్పటిలా, వెచ్చగా ఒక తృప్తి. విడాకులకు వచ్చిన మనిషికి ఇలా ఉండొచ్చా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ముఖం కాస్త దిగాలుగా పెట్టి చూసింది. నప్పలేదు. తీసేసింది.

పోట్లాట ఏమీ లేదు. భర్త వంతెనలు కట్టే కంపెనీలో పని చేస్తాడు. ఒక వంతెన అయ్యాక ఇంకో వంతెన, ఒక ఊరయ్యాక ఇంకో ఊరు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత చుట్టంలా వచ్చి చుట్టంలా వెళ్ళడం అలవాటైంది. కిందటేడు స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నప్పుడు అతనే అన్నాడు, "మనం విడిపోతే ఎలా ఉంటుంది?" అని. "నేనూ అదే అనుకుంటున్నా," అంది ఆమె. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. పెళ్ళయ్యాక అంత హాయిగా కలిసి నవ్వింది అప్పుడేనేమో. రైలు వచ్చింది, ఎక్కాడు, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆమె ఒక్కటే కోరింది. అత్తయ్యకు తనే చెబుతానని. అతను సరేనన్నాడు. ఆ మాట ఇంకా నోటి లోపలే ఉంది.

అతన్ని పెళ్ళి చేసుకుంది గానీ కాపురం చేసింది అత్తయ్యతో. అతను వంతెనల వెంట తిరుగుతుంటే ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. సాయంత్రం దుకాణం మూసి ఇంటికి రాగానే ఆ రోజు వచ్చినవాళ్ళ కథలన్నీ అత్తయ్యకు చెప్పాలి. అద్దాల్లో తన ముఖం పెళ్ళాం మెచ్చేట్టు ఉందో లేదో పదిసార్లు అడిగిన పెద్దమనిషి గురించీ, దూరంచూపు బాగానే ఉన్నా ఫ్యాషన్ కోసం అబద్ధమాడిన కాలేజీ పిల్ల గురించీ. చెప్పకపోతే ఆ రోజు జరగనట్టే. ఇప్పుడు కోర్టు తన భర్తను భర్త కాదంటే, ఆ ఒక్క దెబ్బకు అత్తయ్య అత్తయ్య కాకుండా పోతుంది. ఆవిడ ఆత్మాభిమానం ఆమెకు తెలుసు. తనది కాని చోట ఒక్కరోజు ఉండదు. గుట్టుగా పెట్టె సర్దుకుని, వంతెన పనుల దుమ్ములో ఉండే కొడుకు అద్దెగదికి వెళ్ళిపోతుంది. భర్త లేని ఇల్లు ఆమెకు కొత్త కాదు. అత్తయ్య లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయి, ప్రతిసారీ మధ్యలోనే వదిలేస్తోంది.

చెప్పకుండానే పని కానిద్దామనుకుంది. వకీలు అమ్మాయి అడ్డం పడింది.

"ఆయనకిది రెండో పెళ్ళి కదండీ," అంది వకీలు, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ. "మొదటి విడాకుల తీర్పు నకలు జత చెయ్యందే మీ అర్జీ తీసుకోరు. ఆయన సంతకాలు కొరియర్లో వచ్చేశాయి. ఇంక ఈ నకలూ, మీ సంతకమూ, అంతే."

ఆ రాత్రే భర్తకు ఫోన్ చేసింది.

"నీ మొదటి విడాకులు ఏ సంవత్సరం?"

"మన పెళ్ళికి ముందు."

"ఆహా! అది నాకూ తెలుసు మహానుభావా. ఏ ఏడు?"

"ఏమో. రెండు మూడేళ్ళు అటూ ఇటూ. కేసు నేనే వేశాననుకుంటా. కోర్టు చుట్టూ తిరిగిందంతా అమ్మే. అమ్మనడుగు."

"అడగలేకేగా నిన్నడుగుతున్నా."

"ఇంకా చెప్పలేదా?" అవతల ఏదో యంత్రం చప్పుడు. "నీచేత ఆ మాట చెప్పించడం కంటే వంతెన కట్టడం తేలికనుకుంటా."

అందుకే ఇప్పుడిలా, బల్ల మీద. కిటికీ లోపల్నుంచి గుమాస్తా పిలిచాడు. చెవి మీద పెన్ను, ముక్కు చివరికి జారిపోయిన కళ్ళజోడు. ఆమెకు ముందు కళ్ళజోడే కనిపించింది. ముక్కు దగ్గర ప్యాడ్లు వెడల్పైపోయాయి. చూస్తుంటే చేతివేళ్ళు దురదపెట్టాయి.

"మీ ఆయన పేరు మీద ఏం లేదమ్మా," అన్నాడతను పుస్తకం మూస్తూ. "మీరు చెప్పిన ఏళ్ళన్నీ చూశా. ఇక్కడ ఎవరు కేసు వేస్తే వాళ్ళ పేరే ఎక్కుతుంది. ఆయనే వేశాడని గట్టిగా తెలుసా?"

"వేశాననుకుంటున్నాడు."

"అనుకుంటున్నాడా! అసలు తీసుకున్నాడో లేదో కనుక్కోండి ముందు. తీసుకోకపోతే మీకు విడాకులే అక్కర్లేదు, ఉత్తినే వదిలిపోతుంది." తన జోక్‌కు తనే నవ్వి, ఆమె ముఖం చూసి తగ్గాడు. "ఇంట్లో పెద్దవాళ్ళనెవరినైనా అడగండమ్మా. మగాళ్ళకివన్నీ గుర్తుండవు. నా పెళ్ళిరోజు ఎప్పుడో మా ఆవిడే నాకు చెప్పి, మర్చిపోయానని తనే తిడుతుంది."

"మీ కళ్ళజోడు ఒకసారి ఇలా ఇవ్వండి," అంది ఆమె.

బొటనవేలితో ప్యాడ్లు రెండూ దగ్గరకు నొక్కి, "తల ఎత్తండి," అని, కిటికీలోంచి చేతులు చాపి అతని ముఖానికి తగిలించింది. జోడు నిటారుగా కూర్చుంది. జానెడు దూరంలో అతని కళ్ళలోకి సూటిగా చూసి, రెండు అద్దాలూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో సరిచూసుకుంది. ఈ పనిలో తప్పించుకోలేనిది అదే. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడకుండా కళ్ళజోడు సరిచెయ్యడం ఎవరివల్లా కాదు. అత్తయ్య కళ్ళజోడు కాడ వంకరపోయి ఎన్నాళ్ళైందో! పెట్టుకునే నిద్రపోయి దాని మీదికి ఒత్తిగిలింది. ఒక చెవికి ఎత్తుగా, ఒక చెవికి వాలుగా వేలాడుతూ ఉంటుంది. "కళ్ళజోళ్ళ దుకాణం పెట్టిన మహాతల్లి ఇంట్లో నాకీ గతి," అని ఆవిడ ఎత్తిపొడిచినప్పుడల్లా రేపు చూస్తానంటోంది. అరనిమిషం పని. కానీ ఆ అరనిమిషం ఆవిడ ముఖంలో ముఖం పెట్టాలి. పెడితే ఆవిడ చదివేస్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య రేడియో పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఇప్పటికీ ఎవరు తలుపు కొట్టినా, "ఎవరు కావాలండీ?" అంటుంది, లైను కలిపేద్దామన్నట్టు.

దారంతా కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే రాలిపోయాయి. మిగిలింది ఒకటే.

"అత్తయ్యా, ఒకటి అడగాలి. మీ అబ్బాయి మొదటి విడాకులు ఏ సంవత్సరంలో అయ్యాయి?"

అత్తయ్య రేడియో కట్టేసింది. చేతిలో ఉన్న తువ్వాలు పూర్తిగా మడత పెట్టి, దొంతరలో పెట్టి, అంచులు సరిచేసింది.

"కేసు ఎప్పుడు వేస్తున్నావు?"

ఆమె అక్కడే, మడతల పక్కన, నేల మీద చతికిలబడింది. "మీకు తెలుసా?"

"ఊరందరి మాటలూ చెవిలో పోసుకుని బతికినదాన్ని. నాకు తెలీదా? ఏడాదిగా వాడి మీద ఒక్క చాడీ చెప్పావా నాకు? పెళ్ళైన కొత్తలో పూటకొకటి చెప్పేదానివి. తడి తువ్వాలు మంచం మీద పడేశాడనీ, పళ్ళపొడి మూత పెట్టడనీ. మీ పెంపకమిలా ఏడ్చిందని నన్ను కూడా కలిపి తిట్టేదానివి. మధ్యన అవన్నీ ఆగిపోయాయి. వాడి ఫోనొస్తే బ్యాంకువాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతున్నావు. ఇంక అర్థం కాకపోవడానికి ఏముంది?"

"మరి అడగలేదేం?"

"అడిగితే చెప్తావు. చెప్పాక నేనేదో ఒకటి చెయ్యాలి." అత్తయ్య ఇంకో బట్ట అందుకుంది. "నాకిక్కడ బావుంది."

ఇద్దరూ ఒకే తలుపుకు చెరోవైపునా వీపు ఆన్చి ఇన్నాళ్ళూ దాన్ని తెరుచుకోకుండా చూశారన్నమాట. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు నవ్వొచ్చింది.

"వాడు వేశాడా కేసు? వాడి మొహం," అంది అత్తయ్య. "వాడికంత ఓపికెక్కడిది? వేసింది ఆ అమ్మాయి. రిక్షాలో ఎక్కించుకుని తీసుకెళ్ళి వేయించింది నేను. ఎక్స్ఛేంజిలో మా ప్లగ్గుల బల్లలు పీకేసి మిషన్లు పెట్టారు చూడు, ఆ ఏడు."

ఆ ఇంట్లో మొదటి కోడలు ఎప్పుడూ 'ఆ అమ్మాయే'. కోపంతో కాదు. పేరు పెట్టి పిలిస్తే ఏదో కదిలిపోతుందన్నట్టు, జాగ్రత్తగా.

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

"ఇదే ఊళ్ళో. బానే ఉంది. ఇద్దరు పిల్లలట." అత్తయ్య కళ్ళజోడు పైకి తోసుకుంది. అది మళ్ళీ ఒక పక్కకి వాలింది. "తీర్పొచ్చిన రోజు కోర్టు మెట్ల మీద 'వెళ్ళొస్తానాంటీ' అంది. ముందు రోజు దాకా అత్తయ్యే. తప్పు పట్టడం కాదే, పాపం ఏమనాలో తెలీక అలా అంది. నాకూ తెలీలేదు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. అవతలి మనిషిని ఏమని పిలవాలో తెలీకపోతే ఫోన్ ఎలా మొదలుపెడతాం చెప్పు? హలో అన్నాక ఏదో ఒకటి అనాలిగా."

ఇప్పుడే చెప్పాలి, అనుకుంది ఆమె. నేను అలా అనను, మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు, అని. కానీ చెప్పడమంటే ఆవిడ వెళ్ళిపోవచ్చునని ఒప్పుకోవడమే. మాట పైకి వచ్చి, మళ్ళీ తన చోటుకే పోయింది.

"రేపు నకలు కోసం వెళ్ళాలి," అంది చివరికి.

"పద, నేనూ వస్తా. నేను లేకపోతే నీకది దొరకదు. అక్కడ వాళ్ళని కసరకపోతే కదలరు."

కసరాల్సిన అవసరం రాలేదు. ఏడూ, ఆ అమ్మాయి పేరూ చెప్పగానే గుమాస్తా లోపలికి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ కట్ట తెచ్చాడు. నకలు తయారయ్యేదాకా అత్తాకోడళ్ళు బల్ల మీద టీ తాగారు. కాయితం తెచ్చి ఇస్తూ అతను అత్తయ్య వైపు చూశాడు.

"పెద్దావిడ భలే గుర్తుపెట్టుకున్నారే. ఈవిడ మీకేమవుతారమ్మా?"

అడిగింది అత్తయ్యను. అత్తయ్య గ్లాసు కింద పెట్టింది.

"తోడొచ్చాను," అంది.

ఆ మాట ఆమె చెవిలో పడింది. పడి అక్కడే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచీ ఆవిడ తనను రోజూ పిలిచినట్టు 'అమ్మాయ్' అని ఒక్కసారి కూడా పిలవలేదు. ఇల్లు తాళం వేసేటప్పుడు 'ఇదిగో' అంది. బస్సులో 'ఇటు కూర్చోవచ్చు' అంది. పిలుపులన్నీ ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దేసుకుంటోంది ఆవిడ, అడగకముందే ఖాళీ చేసిచ్చే అద్దెమనిషిలా.

వకీలు పక్క భవనంలో ఎదురుచూస్తోంది. నకలు చూసి సంతోషించి, తుమ్మి, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో చూపించింది. ఆమె పెట్టింది. పెన్ను ఆడుతుందేమో అనుకుంది. దుకాణంలో రసీదు మీద పెట్టినంత మామూలుగా సాగింది. కిటికీ అవతల ఒకతను అర్జీ తీసుకుని, ముద్ర కొట్టి, పక్కన పెట్టాడు. ముద్ర చప్పుడుకు లోపల ఏమైనా కూలుతుందేమోనని ఆమె చెవి ఒగ్గి విన్నది. ఏమీ కూలలేదు. వాన వెలిశాక కిటికీ తెరిచినంత తేలిక. దాన్నిక దేనితోనూ కప్పాలనిపించలేదు.

బయటికి వచ్చింది. అత్తయ్య మెట్ల పైన ఒక పక్కగా నిలబడి ఉంది. రెండు చేతులతో సంచీ పట్టుకుని, వాలిపోయిన అద్దాల్లోంచి మొదటి మెట్టు ఎక్కడుందో వెతుక్కుంటోంది. మనుషులు తోసుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

"అయిందా?" అంది అత్తయ్య. "ఇంక వెళ్దామా మరి." ఆ 'మరి' తర్వాత మామూలుగా వచ్చే 'అమ్మాయ్' రాలేదు.

"ఆగండి," అంది ఆమె.

ఎదురుగా వెళ్ళి, ఆవిడ చెవుల మీంచి కళ్ళజోడు రెండు చేతులతో మెల్లగా తీసింది. కాడ మీద రెండు బొటనవేళ్ళూ ఆన్చి, ఎక్కడ వంగిందో కనుక్కుని, అక్కడ నొక్కింది. కాస్త మొరాయించి, లొంగింది. చున్నీ అంచుతో అద్దాలు తుడిచింది. అత్తయ్య అద్దాల్లేని కళ్ళు చికిలించి, ఎదురుగా ఉన్న ముఖాన్ని పోల్చుకోబోతున్నట్టు చూస్తోంది. ఆమె ఈసారి చూపు తిప్పుకోలేదు.

"తల ఎత్తండి, అత్తయ్యా," అంది, మెట్లు దిగేవాళ్ళు ఇద్దరు ముగ్గురు తిరిగి చూసేంత గట్టిగా.

ఆవిడ ఎత్తింది. ఆమె కళ్ళజోడు పెట్టి, చెవుల వెనక కాడలు సర్ది, ముక్కు మీద నిటారుగా కూర్చోబెట్టింది.