చంద్రకాంత శిల మీద చుక్క

నగల దుకాణం నుంచి ఫోన్ వచ్చేసరికి నేనూ మా ఆయనా ఒకే గ్లాసులో కాఫీ తాగుతూ, నురగ ఎవరిదని పోట్లాడుకుంటున్నాం. పెద్ద చంద్రకాంత శిల ఒకటి వచ్చిందట, సానపట్టే పని మావయ్యకే ఇస్తారట. చూపు మందగించిందని ఏడాదిగా ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. ఈ ఒక్కటీ సరిగ్గా వస్తే మళ్ళీ రాళ్ళు వస్తాయి. రాకపోతే ఇక అంతే.

పెళ్ళై ఇరవై రెండు రోజులు. నాకు రాయి వచ్చినా సంబరమే. చూడటానికి మాసిన పటికబెల్లం ముక్కలా ఉంది. మావయ్య దాన్ని తడిపి ఉదయపు ఎండలో తిప్పితే లోపల నీలి వెలుగు కదిలింది, నీళ్ళ అడుగున ఎవరో దీపం పట్టుకుని నడుస్తున్నట్టు.

"వెన్నెల్లో ఇది నీళ్ళు కారుస్తుందంటారు కదా మావయ్యా?"

"నలభై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా. చెమట నాకే కారింది గానీ దీనికి కారలేదు."

"మొగుడూ పెళ్ళాల గొడవలు కూడా తగ్గిస్తుందట."

"మీకింకా మొదలు కాలేదుగా. ఆర్నెల్లు ఆగి అడుగు."

వెలుగు తేలిన చోట ఆయన సిరాతో చుక్క పెట్టారు. ఆ చుక్క నడినెత్తిన ఉండేలా ఉబ్బుగా సానపడితే వెలుగు మధ్యలో నిలుస్తుంది, ఉంగరానికెక్కుతుంది. పక్కకు జరిగితే అదే రాయి పూసల ధరకు పోతుంది. ఉదయపు ఎండలో తప్ప ఆయనకా వెలుగు కనబడదు. తర్వాత పనంతా చుక్కను నమ్ముకునే.

ఆయన భోజనానికి లేచాక, ముద్దొచ్చి రాయిని చేతిలోకి తీసుకున్నాను. దుమ్ముగా ఉందని కొంగుతో తుడిచాను. చుక్క పోయింది. అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కొత్త కోడలిని, నోరు రాలేదు. దీపం కింద తిప్పి, బాగా మెరిసిన చోట నేనే ఇంకో చుక్క పెట్టేశాను. అది రాతి లోపలి వెలుగు కాదు, పైన పడ్డ దీపపు మెరుపు. ఆ తేడా అప్పటికి నాకు తెలియదు.

మూడు రోజులు సాన చక్రం తిరిగింది. నాలుగో రోజు మావయ్య దుకాణానికి వెళ్ళి, రాయితోనే తిరిగొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా పని పీట మీద కూర్చున్నారు.

"వెలుగు అంచుకు పోయిందిరా," అన్నారు మా ఆయనతో. "చుక్కే తప్పు పెట్టాను. ఎండలో కూడా కళ్ళు మోసం చేశాయంటే ఇంకేం మిగిలింది?"

నేను పీట దగ్గరికి వెళ్ళాను. "ఆ చుక్క మీరు పెట్టింది కాదు మావయ్యా. మీది పొరపాటున తుడిచేశాను. భయపడి నేనే ఇంకోటి పెట్టాను."

ఆయన నావైపు చూసి నవ్వారు. "పిచ్చితల్లీ, నా తప్పు నీ నెత్తినేసుకుంటావా?"

"ఒట్టు మావయ్యా."

"ఒట్లు పెట్టకు."

మా ఆయన నా ముఖం చూసి నమ్మారు. "నాన్నా, తను నిజమే చెప్తోంది."

"నువ్వు కూడానా? బాగానే కుదిరారు ఇద్దరూ."

ఇంకెంత చెప్పినా వినలేదు. మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, చక్రం మీద పాత దుప్పటి కప్పారు.

"రేపు పొద్దున్నే బండి మాట్లాడరా. ఈ చక్రాన్ని పక్కవీధి సానవాడికి ఇచ్చేసి వద్దాం."