నీళ్ళ డబ్బా

కొండదారి మొదట్లోని ఆఫీసులో, పైకి నడిచి వెళ్ళేవాళ్ళకి ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలో నేర్పే ఆయనకి భల్లూకం మాస్టారని పేరు. మనిషి మాత్రం గాలి గట్టిగా వీస్తే పడిపోయేలా ఉంటాడు. రోజుకి మూడు క్లాసులు. పరుగెత్తకండి, మాట్లాడుతూ మెల్లగా వెనక్కి తగ్గండి, అప్పటికీ మీదికొస్తే కారం స్ప్రే కొట్టండి. క్లాసులో కొట్టి చూపించే డబ్బాలో ఉండేవి ఉత్త నీళ్ళే. అసలు డబ్బాకీ దానికీ తేడా అడుగున అంటించిన నీలం టేపు ఒక్కటే. అది ఊడిపోయి వారమైంది. నాకు తెలియదా ఏంటని బద్ధకించాడు.

ఆ ఆదివారం రెండో క్లాసులో, గోనెసంచితో కుట్టిన ఎలుగుబంటి మీద స్ప్రే కొట్టగానే ఎర్రటి పొగ లేచింది. పదిమందీ దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగు తీశారు. మాస్టారికి మంట కూడా తెలియలేదు. నీళ్ళ డబ్బాని గంట క్రితం అసలుదనుకుని వదిన చేతిలో తనే పెట్టాడు.

తల్లి పోయాక తనకి తల దువ్వి బడికి పంపిన వదిన. అన్నయ్య పోయిన ఈ రెండేళ్ళూ ఆమెకి ఇంట్లో ఊపిరాడటం లేదు. ఆదివారం కొండెక్కి దిగితేనే మిగతా వారమంతా మనుషుల్లో పడేది. ఆమె వెళ్ళిన కాసేపటికే పైనుంచి దిగినవాళ్ళు, వాగు మలుపులో రెండు పిల్లలతో నల్ల ఎలుగుబంటిని చూశామని చెప్పారు. వదిన దగ్గర స్ప్రే ఉందిలే అని అప్పుడు నిశ్చింతగా కూర్చున్నాడు.

పైన ఫోన్లు పనిచెయ్యవు. సగం ఖాళీ అయిన అసలు డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ఉట్టి చేతులతో ఉన్న మనిషి వెనక్కి తగ్గుతుంది, డబ్బా ఉందన్న ధీమా ఉన్న మనిషి నిలబడుతుంది. అతని భయమంతా అదే. "వదినా, వదినా" అని అరుస్తూ నడిచాడు. కాలిన మొద్దు ఒకటి కనిపిస్తే ఎలుగుబంటే అనుకుని డబ్బా ఎత్తి పట్టాడు.

వాగుకి కాస్త ఇవతల ఆమే ఎదురొచ్చింది, నవ్వుకుంటూ.

"ఏంట్రా, మొహం అలా పాలిపోయింది? చూశాను. పిల్లలతో సహా చూశాను."

"ఎంత దూరంలో?"

"అదిగో, ఆ బండంత దూరం. వెనక దారి ఖాళీగానే ఉంది. ఎందుకు తగ్గాలి, మా మరిది ఇచ్చిన మందుందిగా అని డబ్బా చాపి నిలబడ్డా. కాసేపు చూసి అదే పోయింది. మీ అన్నయ్య పోయాక దేనికీ భయపడకుండా నిలబడటం ఇదే మొదలురా."

నోరు మూసుకుని డబ్బా వెనక్కి తీసుకుంటే ఎవరికీ తెలియదు. ఆమె మొహంలో ఆ వెలుగు చూసి రెండేళ్ళయింది. అలాగే చేద్దామనుకున్నాడు కూడా.

"ఇది నాకే ఉంచు. వచ్చే వారం ఇంకా పైకెళ్తా," అంది.

"వదినా, అందులో ఉన్నవి నీళ్ళు."

వేళాకోళం అనుకుంది. బండ వైపు పెట్టి నొక్కింది. నీళ్ళ ధార బండని తడిపింది. తిడితే బాగుండు అనుకున్నాడు. దారి పక్కన మెల్లగా కూలబడింది.

"తప్పు నాదే వదినా. క్షమించండి."

"చెప్పి మంచిపని చేశావు," అంది. "కానీ ఇంక నేను కొండెక్కలేనురా."

చెయ్యిచ్చి లేపాడు. దిగుతున్నంతసేపూ ఏ పొద కదిలినా ఆమె ఆగిపోతోంది. "ఏం లేదు వదినా, గాలి," అంటున్నాడు ప్రతిసారీ. ఆమె ఒక్కసారీ నమ్మలేదు.