బావ ఇచ్చిన ల్యాప్‌టాప్

కోదాడలో బావ ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి వెళ్లిన స్వర్ణకు ఆ ల్యాప్‌టాప్ అటక మీద పాత దుప్పట్ల కింద దొరికింది. నల్లగా, మందంగా ఉంది. మీటల్లో రెండు అక్షరాలు ఊడిపోయాయి. బావ సాయిబాబు, అంటే ఆమె భర్తకు అన్న, కోదాడ పక్క ఊళ్లో సర్కారు బడి పంతులు. నాలుగేళ్ల కింద ముచ్చటపడి కొన్నాడు గానీ, రెండేళ్లు తిరక్కముందే దాని మీద మనసు విరిగింది.

"అది ఖతమైంది స్వర్ణా. ఆన్ చేస్తే జరసేపు ఉంటది, పొయ్యి లెక్క కాలుతది, బందైతది. పాత సామానోడొస్తే ఏసెయ్యి," అన్నాడు.

"నేను తీస్కపోనా బావా?"

"తీస్కపో. నేనేం జేస్కోను దాన్ని?"

ఆ మాట అందరి ముందే అన్నాడు. స్వర్ణ భర్త మల్సూర్ బీరువా మోస్తూ విన్నాడు. అత్త రాములమ్మ గిన్నెలు కడుగుతూ విన్నది.

స్వర్ణ సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర ఒక డీటీపీ షాపులో టైపు కొట్టేది. బడుల ప్రశ్నపత్రాలు, పెళ్లి పత్రికలు, పార్టీల కరపత్రాలు. పెళ్లికి ముందు నేర్చుకున్న పని అది. వేళ్లు ఆమెవే గానీ మిషను ఇంకొకరిది, పేరు ఇంకొకరిది. సొంతంగా ఒకటుంటే తాళ్లగడ్డలో తాముండే కిరాయి గది ముందే బల్ల వేసుకోవచ్చని ఆమెకు ఎప్పటినుంచో ఆశ. మల్సూర్ మోతె, పెన్‌పహాడ్ వైపు ఊళ్లు తిరిగి గొర్రెలు కొని సంతకు తోలేవాడు. ఆ వ్యాపారంలో ఒక నెల ఉంటే ఒక నెల లేదు.

షాపు యజమాని చెప్పిన గుర్తులు పట్టుకుని ఆమె మిర్యాలగూడ వెళ్లింది. స్టేషన్ రోడ్డులో మేడ మీద జితేందర్ అనే అతను రైసు మిల్లుల్లో మూలకు పడేసిన కంప్యూటర్లు కొని బాగుచేసి అమ్మేవాడు. అతను అడుగు మూత విప్పి ఆమెకు చూపించాడు. ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము బొంతలా పేరుకుని ఉంది.

"అక్కా, ఇది సావలే. ఊపిరాడక పడిపోయింది. హార్డ్ డిస్కు మాత్రం పోతున్నది, టక్కుటక్కుమంటున్నది సూడు. ర్యామ్ గూడ సాలది. ఇవన్నీ మారిస్తే ఇంకొన్నేండ్లు కొట్లాడతది."

"ఒక్కపారే అంటే నాతోని కాదు తమ్మీ. ఒక్కొక్కటి మారుస్త."

"మార్చు. నీ చేతులతోనే మార్చు, నేను జూపెడ్త."

ఆ ఎండాకాలమంతా ఆమె వీలు దొరికినప్పుడల్లా మిర్యాలగూడ బస్సెక్కింది. మొదట ఫ్యాను మార్చింది. చిప్పు వేడిని లాగే పాత పేస్టు ఎండి పెళుసుబారితే దాన్ని గీకి, కొత్తది బియ్యపు గింజంత పెట్టడం నేర్చుకుంది. తర్వాత ర్యామ్, కీబోర్డు, చివరికి హార్డ్ డిస్కు. పుస్తెల తాడులోంచి రెండు గుండ్లు తీసి అమ్మిన సంగతి మల్సూర్‌కు చెప్పలేదు. తీసేసిన పాత సామాను పారేయబుద్ధి కాక బిస్కెట్ల అట్టపెట్టెలో వేసి పెట్టింది.

అంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి అన్నం వేళ దాకా దాని మీద పని చేసింది. మధ్యమధ్య అరచేయి కింద పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది, అంతే. ఒక ప్రైవేటు బడి ప్రశ్నపత్రం ఆ రోజే పూర్తయింది. అది ఆమె పేరు మీద వచ్చిన మొదటి పని.

వానాకాలం మొదట్లో ఏదో మీటింగుకు సూర్యాపేట వచ్చిన సాయిబాబు చాయ తాగుదామని ఇంటికి వచ్చాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ చూసి ఆగిపోయాడు.

"గిది నాదేనా? అరె, కొత్తదాని లెక్కయిందే!"

స్వర్ణ సంతోషం పట్టలేకపోయింది. ఏది ఎందుకు చెడిందో, ఏది ఎట్లా మార్చిందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాడు. అన్నీ అంత విడమర్చి చెప్పకపోయి ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

కొన్నాళ్లకు మల్సూర్ అన్నం తింటూ తల ఎత్తకుండా అన్నాడు.

"అన్న ఫోన్ జేసిండు. బిడ్డ గోపికకు ఇంజనీరింగుల సీటొచ్చిందంట. ల్యాప్‌టాప్ గావాల్నంట."

"కొనియ్యమను."

"మన దగ్గరున్నది గద, అది."

స్వర్ణ చేతిలో గరిటె ఆగింది. "నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

"నన్నొక్క మాట అడిగినవా?"

"అన్నకు లేదనాల్నా? నాయిన పోయినంక నన్ను సాకిందెవలు?"

ఆమె బావకే ఫోన్ చేసింది. ఆయన కోపపడలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. "మనం మనం ఒక్కటి స్వర్ణా, ఇంట్ల మనుషుల నడుమ నీది నాదేంది? పిల్ల సదువుకు గద," అన్నాడు, బడిలో పిల్లలకు నచ్చజెప్పే గొంతుతో. మోతెలో ఉండే అత్త రాములమ్మ కూడా ఫోన్లో అదే మాట అంది. "వాండ్ల వస్తువే గదనే బిడ్డా. నువ్వెట్లయినా షాపుల కొడ్తనే ఉన్నవ్."

మరునాడు మధ్యాహ్నం స్వర్ణ గడప పక్కన వెలుగులో చాప పరిచి, ల్యాప్‌టాప్ బోర్లా వేసి మరలు విప్పింది. మల్సూర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్?"

"మీ అన్న వస్తువు మీ అన్నకిస్తున్న. నావి నేను తీస్కుంటున్న."

"ఇజ్జత్ పోతది స్వర్ణా."

"ఎవలది?"

అతను గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. ఆపలేదు. ఆమె కొత్త హార్డ్ డిస్కు తీసి, దాచిన పాతది పెట్టింది. ర్యామ్ తీసి దాని పాతదీ పెట్టింది. కీబోర్డు తీసి, అక్షరాలు ఊడిన పాతదాన్ని బిగించింది. ఫ్యాను దగ్గర చేయి కాసేపు వెనకాడింది. తర్వాత అదీ తీసి పాతది బిగించింది.

కోదాడ ఇంట్లో అందరూ ముందు గదిలోనే ఉన్నారు. గోపిక పరుగున వచ్చి సంచి అందుకుంది. ఊడిన మీటలు చూసి సాయిబాబు మొహం చిట్లించాడు. గోపిక వైరు పెట్టి మీట నొక్కింది. తెర వెలిగింది. పిల్ల చప్పట్లు కొట్టింది. లోపల టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. ఫ్యాను గీరుకుంది. మరికాసేపటికి తెర నల్లబడింది.

"ఏందిది?" అన్నాడు సాయిబాబు.

"మీరిచ్చిన నాడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది బావా. నేనేసినయి నేను తీస్కున్న."

బావ భార్య వంటింటి గుమ్మంలోంచి, "అయ్యో, ఎంత పని జేసిందో సూడుండ్రి! సొంత మనిషేనా ఈమె?" అంది. సాయిబాబు ఏదో పెద్దగా అంటున్నాడు. స్వర్ణకు అవేవీ చెవికెక్కలేదు. ఆమె గోపికనే చూస్తోంది. పిల్ల ఇంకా మీట మీద వేలు పెట్టే ఉంది.

"నా కోసమే బాగు జేస్తున్నవని నాయిన జెప్పిండు చిన్నమ్మా," అంది గోపిక. "కాలేజీల అందరికీ జెప్పుకున్న."

వారం తిరక్కముందే సాయిబాబు కూతురికి హైదరాబాదు నుంచి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడని మల్సూరే చెప్పాడు. అంత సులువుగా కొనగలిగిన మనిషి తనదెందుకు అడిగాడో స్వర్ణకు అర్థం కాలేదు. బహుశా అడిగితే తేలిగ్గా ఇచ్చేస్తుందనుకున్నాడు, అంతే. జితేందర్ ఆమె విప్పి తెచ్చిన సామాను సగం ధరకే వెనక్కి తీసుకున్నాడు. ఆ సామాను పట్టే అదే మోడలు పాత ల్యాప్‌టాప్ ఎక్కడైనా దొరికితే చెప్తానన్నాడు. ఆమె వద్దంది. ఇంటి ముందు వేసిన బల్ల మీద మల్సూర్ గొర్రెల తాళ్లు పెట్టుకుంటున్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఉప్పు గురించి, కిరాయి గురించి.

ఆ మాఘంలో పెద్దగట్టు జాతరకు కుటుంబమంతా ఒక్క ట్రాక్టరులో వెళ్లక తప్పలేదు. డప్పులు, దుమ్ము, "ఓ లింగా" అంటూ గుట్ట ఎక్కుతున్న జనం. గంపలు దించిన చోట స్వర్ణ పొయ్యి రాళ్లు పేరుస్తుంటే గోపిక నీళ్ల బిందె తెచ్చి పక్కన పెట్టింది. ఇంతకుముందైతే మెడ చుట్టూ చేతులేసేది.

"మంచిగున్నవా బిడ్డా? సదువెట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

పిల్ల వెళ్లబోయి ఆగింది. "నువ్వు టైపు పని కోసం బాగు జేస్కున్నవని నాకు దసరాకు నానమ్మ జెప్పింది చిన్నమ్మా. ముందే నాకు ఒక్క ఫోన్ జేస్తే, నేనే వద్దందును."

స్వర్ణకు ఫోన్ చేయాలనే తోచలేదు. బావను అడిగింది, మొగుడితో పోట్లాడింది. ఆ వస్తువు ఎవరికోసం అడిగారో ఆ పిల్లను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఏదో అనబోయింది. అప్పటికే గోపిక ఖాళీ బిందె ఒకటి తీసుకుని, జనంలో కలిసి, నీళ్ల ట్యాంకరు వైపు వెళ్లిపోతోంది.