రెండో కొస

దుప్పటి పిండాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇంట్లో మాత్రం ఒక మనిషీ ఒక కుళాయీ కలిసి ఆ పని నెట్టుకొస్తున్నారు. తడిసి రాయిలా బరువెక్కిన దుప్పటి ఒక కొసను ఆమె స్నానాలగది కుళాయికి చుట్టి, రెండో కొస పట్టుకుని మెలితిప్పుతుంది. ఒక్క మెలిక ఎక్కువైతే కుళాయి మీంచి జారి అంతా మళ్లీ మొదటికొస్తుంది. మామగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఇదే కుస్తీ. వాషింగ్ మెషిన్ లేక కాదు, ఉంది. ఆ దుప్పట్లు అందులో వేస్తే అందరి బట్టలకీ వాసన పడుతుందని అత్తగారు మొదటి రోజే చెప్పేశారు. కోడలి చేతులకి వాసన పడుతుందేమోనన్న సందేహం మాత్రం ఎవరికీ రాలేదు.

భర్త గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే మాట్లాడాడు. “ఇవాళ రాజీనామా సంగతి చెప్పెయ్. అందరం అనుకున్నదే కదా.”

అందరూ అంటే ఆయన, అత్తగారు, ఫోన్లో మరిది. వాళ్లు అనుకుంటున్నప్పుడు ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంది. నీళ్ల చప్పుడులో సగం వినపడింది, మిగతా సగం వినకపోయినా తెలిసింది. “రెండు పక్కలా ఎందుకు పీక్కుంటావు? ఒకటి వదిలేస్తే నీకే సుఖం” అని ఆయన తర్వాత వచ్చి చెప్పాడు. “నీ మంచికే అమ్మాయ్. ఆ కంటికి కనపడని పురుగుల్ని నువ్వు చూడకపోతే లోకానికొచ్చిన నష్టమేముంది?” అని అత్తగారు సాగదీశారు. పురుగులు కాదత్తయ్యా, మనిషి కణాలు అని ఇన్నేళ్లుగా చెప్పీ చెప్పీ ఆమెకి విసుగొచ్చింది. నిజం చెప్పాలంటే భర్త అన్న మాటలో కొంచెం రుచి కూడా కనపడింది. సుఖం. ఒక మధ్యాహ్నం కాళ్లు చాపుకుని పడుకోవడం. అలసిపోయిన మనిషికి అంతకంటే పెద్ద ఆశ ఉండదు.

ల్యాబులో ఆమె కుర్చీలో కూర్చోకముందే ల్యాబు పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. “నిన్న ఈ కణంలో అన్నీ సరిగ్గా ముడిపడ్డాయని గుర్తు పెట్టారు. మరి అది చీలకుండా ఇంతసేపు ఎందుకు ఆగిపోయింది? నిద్రమత్తులో చూశారా?” అని, వెళ్తూ వెళ్తూ “ఇంటి గొడవలు గుమ్మం దగ్గరే వదిలి రావాలమ్మా” అన్నాడు. ఆయన ఇంటి గొడవలు ఆయన గుమ్మం దాటకముందే ఎవరో చక్కబెట్టి పంపుతారు కాబట్టి ఆ మాట ఆయన నోటికి సులువుగా వస్తుంది.

ఆమె తెర మీద ఆ కణానికి వరసగా తీసిన బొమ్మల్ని మళ్లీ తెరిచింది. ఒక కణం రెండుగా చీలబోయే ముందు అందులోని నలభై ఆరు క్రోమోజోముల్లో ప్రతిదీ కవలజంటలా ఉంటుంది. కణం రెండు చివర్ల నుంచీ సన్నటి పోగులు బయలుదేరి, చీకట్లో తడుముకున్నట్టు వెతుక్కుంటూ వచ్చి వాటిని పట్టుకుంటాయి. కండె అంటారు ఆ అల్లికని. కవలల్లో ఒకదాన్ని ఈ చివర నుంచి వచ్చిన పోగు, రెండోదాన్ని ఆ చివర నుంచి వచ్చిన పోగు పట్టుకోవాలి. రెండు వైపులా లాగితేనే బిగువు, బిగువుంటేనే ముడి నిలుస్తుంది. ఒక్క జంట సరిగ్గా చిక్కకపోయినా మిగిలినవన్నీ నడిమధ్య వరసలో నిలబడి ఎదురుచూస్తాయి. ఈ కణంలోనూ ఒక జంట వరసలోకి రాకుండా ఓ మూలన ఉండిపోయింది. కవలలు రెండింటికీ పోగులున్నాయి కదా అని నిన్న ఆమె సరే అని గుర్తు పెట్టేసింది. ఇప్పుడు ఆ పోగుల వెంటే కళ్లు నడిపించింది. రెండూ ఒకే చివర నుంచి వస్తున్నాయి. పట్టు ఉంది, బిగువు లేదు.

ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో ఆమెకి ఇంకా చదువుకోవాలని ఉండేది. “చదివింది చాలు, ఖాళీగా ఇంట్లో కూచుని ఏం చేస్తావ్, ఉద్యోగం చెయ్” అన్నది ఆయనే. ఏ ఉద్యోగమైనా ఐదింటికల్లా ఇంట్లో ఉండేదైతేనే అన్నది అత్తగారు. ఇప్పుడు మానెయ్యమంటున్నదీ వాళ్లే. ఇల్లొక పక్కా, ఉద్యోగమొక పక్కా తనని లాగుతున్నాయనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు, ఆమె నమ్మింది. రెండు పోగులూ ఒకే చివర నుంచి వస్తున్నాయని ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది, అదీ చాలా నీరసంగా.

తర్వాతి బొమ్మలు ఒక్కొక్కటే జరిపింది. బిగువు లేని ముడిని కణం ఎంతోసేపు ఉండనివ్వదు, విప్పేస్తుంది. ఇక్కడా విప్పేసింది. ఆ జంట కాసేపు ఎవరికీ చెందకుండా తేలుతూ ఉంది. ఆమెకి అసూయ వేసింది. అంతలో ఆ పక్క చివర నుంచి ఒక పోగు వచ్చి కవలల్లో ఒకదాన్ని అందుకుంది, ఈ పక్కది రెండోదాన్ని పట్టుకుంది. జంట ఒక్కసారి అదిరి, కొంచెం సాగి, మెల్లగా నడిమధ్యకి వచ్చి నిలబడింది.

సాయంత్రం పెద్దాయన గది గుమ్మం దగ్గర నిలబడి “గుర్తు సరిచేశాను సార్” అంది.

“ఇంకేమైనా చెప్పాలా?”

“ఇంకేం లేదు సార్. రేపు మిగతావి చూస్తాను.”

ఇంటికి వచ్చేసరికి మామగారి దుప్పటి మళ్లీ తడిసింది. “నీకోసమే అలా ఉంచాం” అన్నారు అత్తగారు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. ఆమె చీర కొంగు దోపి ఉతికింది. పిండబోతూ కుళాయి వంక చూసి, హాల్లోకి వినపడేలా పిలిచింది. “ఏమండీ, ఒకసారి ఇలా రండి.”

ఆయన ఫోను చేతిలోనే పట్టుకుని వచ్చాడు. “చెప్పేశావా?”

“ఈ కొస పట్టుకోండి.”

ఇంకెవరినో అంటోందేమోనని ఆయన వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. ఫోను జేబులో పెట్టుకుని, వేళ్ల చివర్లతో పట్టుకున్నాడు. “రాజీనామా సంగతి అడుగుతున్నాను.”

“చెప్పలేదు. చెప్పను కూడా. రేపట్నుంచి పొద్దున మామయ్యగారి పని మీది, సాయంత్రం నాది.”

“నేనా?” ఆయన చేతులు వదులయ్యాయి. దుప్పటి మధ్యలో జారి నేలకి తగిలింది.

“వదలకండి” అంది ఆమె, తన కొసని మణికట్టుకి ఒక చుట్టు వేసుకుంటూ. “గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు నేను నా వైపుకి లాగుతున్నాను.”