అత్తగారు అడగని మాట

మా అత్తగారికి క్షమాపణ చెప్పడమంటే గుమ్మంలో చెప్పులు విడిచినంత తేలిక. మా ఆయన చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగిలితే చాలు, పగలగొట్టింది ఎవరని ఇంట్లో అడగకుండానే వెళ్ళి, "మావాడే అయ్యుంటాడు, ఏమనుకోకండి" అని చెప్పి వచ్చేవారట. ఆ అద్దాల్లో సగం వేరే పిల్లలు పగలగొట్టినవేనని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో నేనూ నవ్వాను.

ఆయన ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతికిన కాళ్ళకూ చేతులకూ మళ్ళీ కదలిక నేర్పడం ఆయన పని. మోకాలి ఆపరేషన్ తర్వాత వ్యాయామాలకు వస్తున్న ఒకామె, తలుపు వేసి తన మీద చెయ్యి వేశాడని, అరవబోతే నోరు నొక్కాడని పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆసుపత్రి వాళ్ళు ఆ సాయంత్రమే ఆయన్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా వంటింటి గడప మీద కూర్చుని మాకు చెప్పాడు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "నిజం చెప్పు, చేశావా?" అని మొహం మీదే అడిగాను.

"లేదు" అన్నాడు.

అడిగినందుకు బాధపడ్డాడు, నాకు తెలుసు. కానీ కేసు నడిచినంత కాలం ఆ "లేదు" పట్టుకునే నిలబడ్డాను. అత్తగారు మాత్రం పొయ్యి ముందు నిలబడి అంతా విని, "ముందు కాస్త తిను నాన్నా" అన్నారు.

మర్నాడు ముగ్గురం లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. చెప్పిందంతా ఓపిగ్గా రాసుకుని ఆవిడ అంది: "నిజం మనవైపుందని చేతులు ముడుచుకు కూర్చుంటే లాభం లేదు. ముందస్తు బెయిలుకు వేద్దాం. వరండాలో కెమెరా ఉందన్నారుగా, ఆ రికార్డింగు చెరిగిపోకుండా దాచమని ఆసుపత్రికి ఇవాళే నోటీసు పంపుతాను. మీ ఫోన్లోంచి ఒక్క మెసేజీ కూడా తీసెయ్యకండి. ఇంకోటి, ఆమెతో గానీ ఆమె వాళ్ళతో గానీ మీ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మంచికైనా సరే."

వెనక కుర్చీలోంచి అత్తగారు కూడా తలూపారు.

ఊపారే గానీ ఊరుకోలేదు. వారం తిరక్కుండా బస్సెక్కి ఆమె ఇంటికి వెళ్ళి, చేతులు పట్టుకుని, "మావాడు తెలియక ఏదో చేసుంటాడు, పెద్దమనసు చేసుకో తల్లీ" అని ఏడ్చి వచ్చారు. ఆమె భర్త అదంతా ఫోన్లో రికార్డు చేశాడు.

సంగతి తెలిశాక అత్తగారిని కడిగిపారేశాను.

"మంట ఆర్పుదామనుకున్నానే అమ్మాయ్" అన్నారు.

"పోసింది కిరసనాయిలు అత్తయ్యా" అన్నాను.

మా ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కోర్టులో ఆ ఏడుపు వినిపించారు. కన్నతల్లే ఒప్పుకున్నాక ఇంకేం కావాలన్నాడు అవతలి లాయరు. దాంతో అత్తగారిని సాక్షిగా పిలవక తప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమని లాయరమ్మ ముందే చెప్పి, బోనులో నిలబెట్టి అడిగింది.

"తప్పు చేశానని మీ అబ్బాయి మీతో చెప్పాడా?"

"లేదండి."

అవతలి లాయరు లేచాడు. "చెప్పకపోతే, మీరైనా అడగలేదా?"

"అడగలేదండి."

"ఎందుకని?"

అత్తగారు చేతిరుమాలు వేలికి చుట్టారు. విప్పారు. మళ్ళీ చుట్టారు.

"అవునంటాడేమోనని భయమేసిందండి."

నేను మా ఆయన వైపు చూశాను. నేలకేసి చూస్తున్నాడు. ఫిర్యాదు చదివి వినిపించిన రోజున కూడా ఆ మొహం అంతగా వాడిపోలేదు.

విచిత్రమేమిటంటే, ఆ జవాబు మాకు మేలే చేసింది. ఆవిడకేమీ తెలియదని, ఆ క్షమాపణ రుజువు కాదని తేలింది. కెమెరాలో ఆ తలుపు మొదటినుంచి చివరిదాకా బార్లా తెరిచే ఉంది. గుమ్మంలో ఆయా దుప్పట్లు మడతపెడుతూ కూర్చుని ఉంది. ఆరోపణ అబద్ధమని, ఆయన నిర్దోషి అని జడ్జిగారు తీర్పు చెప్పారు. ఫిర్యాదు చేసినామె అలా ఎందుకు చెప్పిందో మాకు ఈనాటికీ తెలియదు. పరువునష్టం దావా వేద్దామా అని లాయరమ్మ అడిగితే, "ఇంటికెళ్తాను మేడమ్" అన్నాడు మా ఆయన.

ఇంటికి రాగానే అత్తగారు కంచం పెట్టారు. "ముందు కాస్త తిను నాన్నా."

ఆయన కంచం ముట్టుకోలేదు. "అమ్మా, ఇప్పుడడుగు."

"ఏమని?"

"చేశావా అని."

"తీర్పొచ్చేసిందిగా నాన్నా, ఇంకెందుకు?"

"జడ్జిగారు అడిగారు, చెప్పాను. నీ కోడలు అడిగింది, చెప్పాను. నీకు చెప్పే అవకాశమే నువ్వివ్వలేదు."

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన తలెత్తి ఆవిడ నోటివైపే చూస్తున్నాడు. అడగండి అత్తయ్యా, ఒక్క మాట అడగండి అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

"నన్ను క్షమించు నాన్నా" అన్నారు అత్తగారు.

మా ఆయన తలూపి, కంచం దగ్గరికి లాక్కున్నాడు.