రెండుసార్లు పేర్చిన హెడ్డింగు

శారద ఏటి గట్టు తెగి గవరపాలెం వీధుల్లో మోకాలిలోతు నీళ్లు నిలిచిన ఏడు అది. ఆ నీళ్లు తీసిన నెలలోనే ప్రెస్సులో అచ్చులు పేర్చే ఖాదర్ మొహిద్దీన్ భార్య అమీరున్నీసాకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. పగలు పక్కింటి బుల్లమ్మ వచ్చి ఆమె నోట్లో కాసిని నీళ్లు పోసేది. సాయంత్రం నుంచి ఖాదరే చూసుకోవాలి.

అప్పటికే అతనికి చూపు మందగించింది. సన్న అచ్చులు కనబడవు. ప్రెస్సు యజమాని త్రినాధరావు మొహమాటపడి అతనికి ఒక్క పని ఉంచాడు. విశాఖలో ఒక ఆఫీసుకు చిల్లుల కార్డులతో లెక్కలు చేసే యంత్రం వచ్చింది. దాన్ని ఎలా నడపాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఇక్కడే అచ్చయ్యేది. ఆఫీసువాళ్లు మాటిమాటికీ పద్ధతి మార్చి నడుమ కొత్త పేజీలు చేర్చేవారు. పేజీలన్నీ జరిగేవి. విషయసూచిక మళ్లీ మొదటి నుంచి కట్టాలి. అదే ఖాదర్ పని. ఖాదర్‌కు ఇంగ్లీషు రాదు. లావు అక్షరాలున్న వరసే హెడ్డింగని గుర్తుపట్టి, దాన్ని చూసి పేర్చేవాడు. అందరి పనీ అయ్యాకే అతని పని మొదలు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవారు. అమీరున్నీసా తడిసిన పక్కమీదే పడి ఉండేది.

ఒకరోజు పక్క అచ్చుల కేసు దగ్గర పనిచేసే నూకరాజును పిలిచి, పేర్చిన వరసలు నిలబెట్టే ఖాళీ రేకు ఒకటి అతని ముందు పెట్టాడు.

"హెడ్డింగు పేర్చినప్పుడల్లా ఇంకోసారి పేర్చి ఈ రేకులో పెట్టు. పేజీ కట్టినప్పుడు అంకె దాని పక్కన పెట్టు. కొత్త పేజీలొత్తే ఆ వరస నడుమన దూర్చి అంకెలు మార్చు, సాలు."

"ఒక కూలికి రెండుసార్లా మామా? బాగానే ఉంది నీ ఎత్తు!"

"ఆఖర్న సూచిక దానంతటదే అయిపోద్ది."

"మరి నువ్వేటి సేత్తావు? కునుకు తీత్తావా?"

"ఇంటికెళ్తాను."

అలాగే జరిగింది. పుస్తకం పూర్తయ్యేసరికి రేకులో సూచిక కూడా సిద్ధంగా ఉండేది. ఖాదర్ ఒకసారి తడిమి చూసి, ఎండ ఉండగానే ఇల్లు చేరేవాడు. పక్క మార్చి, భార్యకు గంజి పట్టేవాడు. చలికాలమంతా అలా గడిచింది.

ఎండలు ముదిరాక త్రినాధరావు అతన్ని కూర్చోబెట్టాడు.

"సాయిబు మామా, సూచిక నూకరాజే సేసేత్తన్నాడు. నీ సేతికి ఏం పనివ్వాలో తెలీట్లేదు."

"అవును బాబూ."

"నెలాఖరుదాకా రా."

"ఎందుకు బాబూ, పని లేనప్పుడు?"

గుమ్మం దగ్గర నూకరాజు అడ్డం వచ్చాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"మామా, నాను రెండోసారి పేర్చడం మానేత్తాను. కుదరట్లేదని సెప్తాను. సచ్చినట్టు నిన్నే పిలుత్తారు."

ఖాదర్ రేకు వైపు చూశాడు. అందులో సగం సూచిక నిలబడి ఉంది.

"అప్పుడు మళ్లీ దీపాలేలకి ఇంటికెళ్లాలి. పేర్చు," అన్నాడు.

చెప్పులు వేసుకుని వచ్చేశాడు. దారిలో ఎవరో పలకరించారు. అతను పోల్చుకోలేదు.

"ఈయేళ మరీ పెందరాళే వచ్చేవేటి?" అంది అమీరున్నీసా, వంకరపోయిన నోటితో.

"పనైపోయింది."

అతను గంజి కాచాడు.

మర్నాడు తెల్లారే బెల్లం మార్కెట్టుకు వెళ్లాడు. అది మధ్యాహ్నానికి ముగిసిపోతుంది, ఎండ ఉండగానే ఇల్లు చేరొచ్చు. వర్తకుడు మీరా సాహెబ్‌ను పని అడిగాడు. ఆయన తాటాకు చాపలు చూపించాడు. ఖాదర్ ఒక్కో చాపా దులిపి, బెల్లం దిమ్మల మీద కప్పుకుంటూ వెళ్లాడు.