నాలుగో గోల్

అది వేసవి సెలవుల్లో పిల్లలకు సరదాగా పెట్టిన ఫుట్‌బాల్ పోటీ. మైదానం చిన్నది, జట్టుకు నలుగురే, గోలీ లేడు, కప్పూ లేదు. అయినా తోడికోడలి కూతురు మొదటి గోల్ కొట్టగానే టైలరమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఆ పిల్ల తొడుక్కున్న చొక్కా కుట్టింది తనే, అదింకో మంట.

ఆమె కూతురేమో అవతలి జట్టులో ఐదో మనిషి. పేరు ఆలస్యంగా ఇచ్చినందుకు బల్ల మీద కూర్చుంది.

రెండో గోల్ పడింది. "చూశావా చెల్లీ, మా బంగారాన్ని!" అంది తోడికోడలు, చంకలు గుద్దుకుంటూ.

"చూడకేం అక్కా, కళ్లున్నాయిగా!"

మూడోదీ పడ్డాక టైలరమ్మ ఉండబట్టలేక, ఈల పట్టుకున్న మాస్టారి మీదికి వెళ్లింది. "మా పిల్లని ఎండలో ఎండబెట్టడానికి తీసుకొచ్చానా?"

"నాలుగు గోల్స్ వెనకబడ్డ జట్టుకి ఐదో మనిషిని ఇస్తామమ్మా. ఇంకొక్కటి పడనివ్వండి," అన్నాడాయన తాపీగా.

ఆమె బల్ల వైపు తిరిగింది. కూతురు అప్పటికే బూట్ల తాళ్లు బిగించుకుని ఆశగా చూస్తోంది.

అంతలో బంతి మళ్లీ తోడికోడలి కూతురి కాళ్ల దగ్గరికే వచ్చింది. ఆ పిల్ల తటపటాయించింది.

"కొట్టవే నా తల్లీ, కొట్టు!" గొంతు చించుకుని అరిచింది టైలరమ్మ.

బంతి గోల్‌లో పడింది. తోడికోడలు కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆమెను కావిలించుకుంది.

"నా కూతురంటే నీకెంత ప్రేమే! ఇన్నాళ్లూ నిన్ను కుళ్లుబోతుదానివనుకున్నాను."